ఐదో తరగతి పాసైన సాంబయ్య

సాంబయ్య చేత రెండో తరగతి సగంలో బడి మాన్పించారు. మాన్పించినట్టు మాత్రం ఎక్కడా రాయలేదు. ఆగిరిపల్లి దగ్గర అతని ఊళ్లో మామిడి తోటల మీద చిలకల్ని తోలడానికి పిల్లలు కావాలి, బడి నిలవడానికి పిల్లల హాజరు కావాలి. పంతులు రెండు అవసరాలూ ఒకే కలంతో తీర్చాడు. సాంబయ్య తోటలో రేకు డబ్బా వాయిస్తుంటే రిజిస్టరులో అతనికి రోజూ హాజరు పడింది. చివరికి ఐదో తరగతి పాసయ్యాడు కూడా. ఆ సంగతి అతనికి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

యాభై ఏళ్ల తర్వాత పింఛనుకి వయసు రుజువు అడిగితే, కూతురు రాజ్యలక్ష్మి బడికి వెళ్లి రికార్డు షీటు తెచ్చింది. 'ఐదవ తరగతి ఉత్తీర్ణుడు' అని చదివి వినిపించింది.

"పాసయ్యానా? మరి ఆ పంతులు ఒక్కసారన్నా చెప్పడేం?" అన్నాడు సాంబయ్య.

అప్పటినుంచీ ఆ కాగితం ఆధార్ కార్డుతో పాటు ఒకే ప్లాస్టిక్ కవరులో ఉంది. ఏ ఆఫీసులో ఏది అడిగినా రాజ్యలక్ష్మి ఆ కవరు తీసి ఇచ్చేస్తుంది. కాగితం చూపిస్తే ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు.

చిలకలు తోలడం అయ్యాక సాంబయ్య చివర వల సంచి ఉన్న చిక్కం కర్ర పట్టి కాయలు దించాడు. తర్వాత ముప్పై ఏళ్లు లక్ష్మీనరసింహారావు గారి తోటలో మందు కొట్టాడు. మూతికి తువ్వాలు చుట్టుకునేవాడు. చెవులకేమీ లేదు. స్ప్రేయర్ ఇంజను పక్కన నిలబడి నిలబడి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం మిగిలింది. భార్య చనిపోయాక అతనితో గొంతెత్తి మాట్లాడే ఓపిక ఇంట్లో ఎవరికీ లేకపోయింది. ఒళ్లు వంగాక తోటకు కాపలా ఉన్నాడు. రోడ్డు పక్క తోట కాబట్టి వచ్చేపోయేవాళ్లు బండి ఆపి, అరిచి పలకరించి పోయేవారు.

నిరుడు డెబ్భై ఒకటో ఏట మరుపు మొదలైంది. తిన్న అన్నం మళ్లీ అడిగాడు. ఒకరోజు బోరు మోటారు కట్టేయకుండా ఇంటికొచ్చాడు. ముసునూరులో కాపురముంటున్న రాజ్యలక్ష్మి మార్చిలో వచ్చి, ఊళ్లో పెట్టిన వైద్య శిబిరానికి తీసుకెళ్లింది. బల్ల దగ్గరి నర్సు చదువెంత అనడగగానే అలవాటు ప్రకారం కవరు ఇచ్చింది. నర్సు ఐదు అని రాసుకుంది.

"ఇది ఏ నెలండీ?"

"ఆఁ?"

"ఏ నెల, ఏ నెల?"

"కాయకి టెంక కడతందిగా. ఇంకేం నెల?"

నర్సు సున్నా వేసింది. ఒక కాగితం ముందు పెట్టి, అందులో ఏం రాసుందో అది చేయమంది. సాంబయ్య కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాగితాలతో ఏం చేయాలో కూతురు నేర్పింది అదే. వందలోంచి ఏడు తీసేయమంటే, "ఎందుకు తీయాలి? పుచ్చినియ్యా?" అన్నాడు.

జబ్బు బాగా ముదిరిందని చీటీ ఇచ్చారు. అది తోట దాకా చేరింది. "కరెంటు మోటారు దగ్గర మతి లేని మనిషిని ఎట్టా పెట్టనమ్మా?" అని కాపలా మాన్పించారు రావు గారు. ఆయన మాటలో తప్పు పట్టడానికి లేదు. సాంబయ్య కొడుకు శివ వ్యాను తోలడానికి పొద్దున్నే పోతాడు, కోడలు కూలికి పోతుంది. ముసలాయన ఎటన్నా పోతాడని వెళ్లేటప్పుడు గేటుకు బయట గొలుసు వేసి తాళం పెట్టేవారు.

నెల తిరిగేసరికి సాంబయ్య గోడవైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు.

"చూశావా అక్కా, చీటీలో రాసినట్టే అయ్యింది" అన్నాడు శివ.

"చీటీలో రాసినట్టు అయ్యిందో, నువ్వు తాళం వేస్తే అయ్యిందో" అంది రాజ్యలక్ష్మి. తండ్రిని ఆటోలో మైలవరం తీసుకెళ్లింది. అక్కడి డాక్టరు లీదియా చీటీ చూసి, పెద్దాయన్ని చూసి, "ఏం చదివాడు?" అంది.

రాజ్యలక్ష్మి చెయ్యి సంచిలోని కవరు మీదికి పోయింది. అక్కడే ఆగింది.

"ఏం చదవలేదండీ. రెండో తరగతి సగం. కాగితంలో ఉన్నదంతా అబద్ధం. శిబిరంలో నేనే చూపించాను."

డాక్టరు కుడి చెవి దగ్గరకు జరిగి, చదువురానివాళ్ల కోసం ఉన్న వేరే ప్రశ్నలు అడిగింది. జబ్బు ఉంది, కానీ చీటీలో ఉన్నంత లేదు. ఎందుకొచ్చిందని రాజ్యలక్ష్మి అడిగితే, "చదువు లేకపోవడం, చెవుడు, ఒంటరితనం, అన్నీ ముప్పు పెంచేవే. పురుగుమందుల పనీ పెంచి ఉండొచ్చు. ఎంత దేనివల్లో తూచి చెప్పలేం. ఇప్పుడు మన చేతిలో ఉన్నవి రెండు. చెవికి మిషను పెట్టించండి, మనుషుల్లో కూర్చోబెట్టండి" అంది.

రాజ్యలక్ష్మి అటునుంచి అటే రావు గారి ఇంటికి వెళ్లింది.

"కాపలా వద్దులెండి. కాయలు ఏరే షెడ్డులో ఆడోళ్ల మధ్య కూర్చోబెట్టండి. కాయల ముచ్చికలు కత్తిరిస్తాడు."

"చెయ్యి కోసుకుంటే?"

"ముప్పై ఏళ్లు మీ మందు పీల్చినప్పుడు అడగలేదు కదండీ ఈ మాట."

ఆయన "రేపు తీసుకురా" అని లోపలికి పోయారు.

బంగినపల్లి కోతలు జోరుగా ఉన్నాయి. షెడ్డులో పదిమంది ఆడవాళ్లు కాయలు ఏరుతుంటే సాంబయ్య పీట మీద కూర్చుని ముచ్చికలు కత్తిరించాడు. చెవి మిషను కీచుమంటే తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. ఎవరో ఒకరు తీసి మళ్లీ పెట్టేవారు. "తాతా, ఇందాక చెప్పిందే చెప్తన్నావు" అని ఆటపట్టిస్తే, "నువ్వు ఇందాక విన్లేదుగా" అనేవాడు. మరుపు పోలేదు. కొన్ని రోజులు కత్తెర ఎందుకు పట్టుకున్నాడో కూడా మరిచేవాడు. గోడవైపు తిరగడం మాత్రం మానేశాడు.

జూన్ మొదట్లో రాజ్యలక్ష్మి వచ్చేసరికి షెడ్డులో కలెక్టర్ రకం కాయలు నాలుగు గుట్టలే మిగిలాయి. ఏరేవాళ్లు ముగ్గురే ఉన్నారు. ఖాళీ ట్రేలు గోడవారగా పేర్చి ఉన్నాయి. సాంబయ్య వాటిని కాసేపు చూసి, కూతుర్ని కుడి చెవి వైపు రమ్మని సైగ చేశాడు.

"కాయ అయిపోవచ్చింది అమ్మాయ్. తర్వాత నన్నెక్కడ కూర్చోబెడతారో రావు గారిని అడుగు."