బతికున్నవాడి కోసం ఏడ్చినవాళ్ళు

విడాకులకు కూడా జనం శోకాలు పెట్టి ఏడుస్తారని మోత్కూర్‌కు తిరిగొచ్చాకే తెలిసింది. మొదటి నాలుగు రోజులు నేను అలాగే అనుకున్నాను.

మస్కట్‌లో ఒక దవాఖానలో రక్తపరీక్షలు చేసేదాన్ని. నా మొగుడు ఇంకొకామెతో కాపురం పెట్టాడని తెలిశాక విడాకులు తీసుకుని, తొమ్మిదేళ్ళ బిడ్డను వెంటబెట్టుకుని వచ్చేశాను. మేము పోయేటప్పుడు మాది నల్గొండ జిల్లా. వచ్చేసరికి రాష్ట్రం కొత్తది, జిల్లా కొత్తది, బస్టాండు ఎదుట ఫ్లెక్సీలు కొత్తవి. మనుషులను మార్చే పథకం మాత్రం ఎవరూ పెట్టినట్టు లేదు.

అన్న ఇంట్లో దిగిన మర్నాడే ఆడవాళ్ళు రావడం మొదలైంది. గడప దాటకముందే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నా మెడ చుట్టూ చేతులేసి, "అయ్యో నా బిడ్డా, నీకెంత కష్టమొచ్చె, ఆ దేవునికి కండ్లు లేకపాయె" అని రాగం తీసేవారు. నేను మస్కట్‌లో ఉన్నన్నేళ్ళూ తిన్నావా అని కూడా అడగని మనుషులు. ఎంత మంచివాళ్ళను ఎంత తప్పుగా అనుకున్నానో అని సిగ్గుపడ్డాను కూడా. ఆ సిగ్గు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

"పోనీ పెద్దమ్మా, నాకు పీడ వదిలింది" అన్నాను ఒకామెతో. ఆమె ఏడుపు టక్కున ఆగింది. నన్ను ఎగాదిగా చూసి, నా నుదుటి బొట్టు చూసి, మా వదిన దిక్కు తిరిగింది.

"దుఃఖంల మతి సక్కగ లేదు" అంది వదిన.

ఐదో రోజు చిన్నమ్మ ఆటో మాట్లాడుకుని వచ్చింది. "లే బిడ్డా, నిన్నూ పిల్లనూ నిద్రకు తోలుకపోతా" అంది. చావు జరిగిన ఇంటివాళ్ళను చుట్టాలు తమ ఇంటికి పిలుచుకుని, మాంసం వండి పెట్టి, ఒక రాత్రి పడుకోబెట్టి పంపడం మా దిక్కు ఆచారం. దాన్నే నిద్ర అంటారు.

"ఎవలు సచ్చిండ్రు చిన్నమ్మా?" అన్నాను.

చిన్నమ్మ నా గదుమ పట్టుకుంది. "నీ పెనిమిటే బిడ్డా" అంది, చిన్నపిల్లకు చెప్పినట్టు.

అన్న గబగబా నన్ను వెనక గదిలోకి తీసుకుపోయాడు. వాళ్ళ బిడ్డకు ఆలేరులో సంబంధం మాట్లాడుతున్నారు. అసలు కథ అది.

"చెల్లె, జర సమజ్ చేసుకో. మొగడు సచ్చినామె అంటే అయ్యో పాపం అంటరు. మొగన్ని ఇడిసినామె అంటే ఆ ఇంటి ఆడోళ్ళు అందరూ గట్లనే ఉంటరు కావచ్చు అంటరు. పిల్ల లగ్గం అయ్యేదాంక ఊకో."

"ఎట్ల సచ్చిండని చెప్పినవు?"

"గుండెపోటు. పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండు. బాధ పడలే."

ఆ మనిషికి అంత సుఖమైన చావు ఇచ్చినందుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. కనీసం ఏదో ఒక రోగంతో తీసుకుని తీసుకుని చచ్చాడని చెప్పినా కొంత ఊరటగా ఉండేది. కాని మేనకోడలు తలుపు దగ్గర నిలబడి వింటోంది. దాని మొహం చూసి నోరు మూసుకున్నాను. చిన్నమ్మ ఇంటికి పోయి నాటుకోడి కూర తిని నిద్ర చేసి వచ్చాను. కూర బాగుంది, అది ఒప్పుకోవాలి.

ముండమోసినదానికి మా ఊళ్ళో ఇంత గౌరవం ఉందని నాకు తెలియదు. కిరాయికి రెండు గదులు అడిగితే ఇంటి ముసలామె ఎదురు ప్రశ్న వేయకుండా తాళం చేతిలో పెట్టింది. ఒక ల్యాబ్‌లో పని దొరికింది. "మొగడు లేని మనిషి, పిల్లతోని ఉన్నది" అని అక్కడి సార్లే తలా ఒక మాట సాయం చేశారు. అదే మొగుణ్ణి వదిలేసిన మనిషి అని తెలిస్తే ఆ సార్లే ఏ కళ్ళతో చూసేవారో చెప్పనక్కరలేదు. ఇక బొట్టు సంగతి. "గిప్పుడు గవన్ని ఎవలు పట్టించుకుంటుండ్రు" అని వాళ్ళకు వాళ్ళే సర్దిచెప్పుకున్నారు. అబద్ధం నమ్మాలనుకున్నవాళ్ళు అన్నీ సర్దుకుంటారు. నేనేమీ కష్టపడనక్కరలేకపోయింది.

శుక్రవారం మస్కట్‌లో సెలవు. ఆ రోజు మధ్యాహ్నం వాడు బిడ్డకు వీడియో కాల్ చేస్తాడు. ఆ మనిషిలో నేను చూసిన మంచి అలవాటు అదొక్కటే. ఒక శుక్రవారం బిడ్డ ఫోన్ తీసుకుని బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుంది. నల్లా విప్పిన చప్పుడు. ఎంతకూ కట్టెయ్యలేదు. నీళ్ళు దండగైపోతున్నాయని ఇంటి ముసలామె బయట కేకలు పెడుతోంది. నేను తలుపు కొడదామని పోయి ఆగిపోయాను.

లోపల నా బిడ్డ గుసగుసగా చెబుతోంది: "డాడీ, మెల్లగా మాట్లాడు. నువ్వు చనిపోయావు."

వాడు నవ్వాడు.

"నవ్వొద్దు డాడీ, బయట అవ్వ వింటది."

బయటికి వచ్చాక అడిగాను. అత్తమ్మ, అంటే మా వదిన, చెప్పిందట. ఎవరడిగినా డాడీ దేవుని దగ్గరికి పోయిండు అనాలట, అక్క పెండ్లి అయ్యేదాకా. నాలుగైదు సార్లు అనిపించి చూసిందట కూడా, ఎక్కం అప్పజెప్పించుకున్నట్టు.

వదినను అడగడానికి పోయాను. ఆమె చిక్కుడుకాయలు గిల్లుతూ తల కూడా ఎత్తలేదు. "ఒక్క మాట అంటే పిల్ల అరిగిపోతదా?" అంది.

నా గురించి ఎవరేమి చెప్పుకున్నా నాకు ఫికర్ లేదు. నన్ను విధవను చేసుకోండి, సన్యాసిని చేసుకోండి. కాని తొమ్మిదేళ్ళ పిల్ల కన్నతండ్రిని తన నోటితో చంపి, తరవాత ఆ తండ్రితోనే నల్లా చాటున మాట్లాడాలా? వాడు ఎంత పనికిమాలినవాడైనా దానికి తండ్రే. ఆ రోజే బిడ్డకు చెప్పాను, ఎవరడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పమని.

"నేను చెప్తే అక్క పెండ్లి ఆగిపోతే?" అంది.

ఆ బరువు దాని నెత్తిన పెట్టిన వాళ్ళను ఏం చేసినా పాపం లేదనిపించింది.

సంబంధం ఖాయం చేసుకునే పూలుపండ్లకు శుక్రవారమే ముహూర్తం కుదిరింది. ఆలేరు నుంచి పిల్లగాడి తరఫువాళ్ళు రెండు కార్లు, ఒక డీసీఎం వ్యాను నిండా వచ్చారు. పిల్లకు చీర, పండ్లు పెట్టి బొట్టు పెట్టాక పిల్లగాడి నానమ్మ నా బిడ్డను దగ్గరికి లాక్కుంది. తల నిమిరి, అందరూ వినేట్టు, "మీ నాయిన ఎట్ల పోయిండు బిడ్డా?" అని అడిగింది. పసిపిల్లను అడిగే ప్రశ్నేనా అది! కాని అక్కడున్న ఆడవాళ్ళందరూ మాటలాపి జవాబు కోసం మెడలు సాచారు.

బిడ్డ వదినను చూసింది. వదిన కళ్ళు పెద్దవి చేసింది. తరవాత నన్ను చూసింది. తప్పు ఎవరిదైనా దెబ్బ తనకే తగులుతుందని దానికి అర్థమైపోయింది.

నేను లేచి ఫోన్ దాని చేతిలో పెట్టాను. "మీ డాడీకి ఫోన్ చెయ్యి" అన్నాను.

వాడు వెంటనే ఎత్తాడు. బనియన్ మీద ఉన్నాడు, ముందు బిర్యానీ పళ్ళెం. పిల్లగాడి నానమ్మ ఫోన్ తీసుకుని కళ్ళు చికిలించి చూసింది.

"ఈయనెవలు?"

"మా డాడీ."

"సచ్చిండంటిరి గదనే?"

"లేదు అవ్వా. మస్కట్ల ఉన్నడు" అంది బిడ్డ. గొంతు చిన్నగానే ఉంది, కాని ఆగలేదు.

వాడికి మర్యాదలు బాగా వచ్చు. ఎంగిలి చెయ్యి ఎత్తి, "నమస్తే అమ్మా, బాగున్నరా?" అన్నాడు. ముసలామె అలవాటు కొద్దీ, "బాగున్న బిడ్డా, తింటున్నవా?" అంది.

అన్న గొంతు సవరించుకుని, "ఆడికెళ్ళి తప్పుడు ఖబర్ వచ్చిండె" అన్నాడు. అందరూ తలలూపారు. ఇంతమంది కలిసి ఏడ్చిన చావు అంత సులువుగా రద్దయిపోయింది. సంబంధం? దానికేమీ కాలేదు. పిల్లగాడి తల్లి, "మాకు పిల్ల నచ్చింది. మేనత్త మొగడు ఉంటేంది, లేకుంటేంది" అని మటన్ వడ్డించమంది. మా అన్న ఇన్నాళ్ళు వణికింది ఈ మనుషులకు. నా బిడ్డ బాత్రూంలో గుసగుసలాడింది ఈ మటన్ ముక్కల కోసం.

ఆ తరవాత నా దగ్గరికి ఏడవడానికి ఒక్కరూ రాలేదు. మొగుడు బతికుంటే ఇక్కడెందుకున్నావని అడిగినవాళ్ళకు విడాకుల సంగతి చెప్పాక ఏడుపులన్నీ ఎండిపోయాయి. చిన్నమ్మ అంగట్లో ఎదురుపడి మొహం తిప్పుకుంది, నాటుకోడి కూర నేను మోసం చేసి తిన్నట్టు. ఇంటి ముసలామె మాత్రం ఖాళీ చెయ్యమనలేదు. కిరాయి సమయానికి వస్తుంది మరి.

మరుసటి శుక్రవారం వాడి ఫోన్ రాలేదు. ఆ పైవారం కూడా రాలేదు. మేము చేస్తే ఎత్తలేదు. ఊళ్ళో తనను చంపేసినందుకు కోపమా, ఆ రెండో ఆమె వద్దందా, తెలియదు. అసలు కారణం ఉండి ఉంటుందని కూడా నేననుకోను. వాడు అంతే.

సీతాఫలాల కాలం. బిడ్డ మెట్టు మీద కూచుని ఒక పండు తింటూ గింజలు పక్కకు ఊస్తోంది. ఇంటి ముసలామె వచ్చి దాని పక్కన చేరింది. ఆమె గొంతులో మళ్ళీ ఆ పాత ఏడుపు జీర. నేను లోపలి నుంచి వింటున్నాను.

"మీ నాయిన ఫోన్ వస్తలేదేంది బిడ్డా? ఏమన్న అయ్యిందా?"

"ఏం కాలే అవ్వా" అంది నా బిడ్డ. "బతికే ఉన్నడు. ఫోన్ చేస్తలేడు, గంతే."

చావుకైతే ముసలామె దగ్గర రాగం ఉంది. దీనికి లేదు. లేచి, కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.