మూడో చరణం

శ్రీరాంపూర్ గనిలో బొగ్గు తవ్వే ఇస్తారికి బావమరిది దుబాయి నుంచి జపాన్ టేప్‌రికార్డరు, మైకు, ఒక క్యాసెట్టు తెచ్చాడు. అందులో సంగీతమే ఉంటుంది, మాటలుండవు. జపానులో నడివయసువాళ్లు తమ పడుచునాటి పాటలను దానితో కలిసి పాడుకుంటారట. ఇస్తారి ఆ వరుసలకు తన పడుచునాటి కొండగట్టు అంజన్న భజనను అతికించాడు. శనివారం షిఫ్టు దిగి, స్నానం చేసి, బొట్టు పెట్టుకొని, మైకును హారతి పళ్లెంలా రెండు చేతులా పట్టుకొని పాడతాడు.

ఒక శనివారం మూడో చరణంలో దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. టేపు మాత్రం ఆగలేదు. "ఇగ నాతోని కాదు," అంటూ మైకు కింద పెట్టాడు. బియ్యంలో రాళ్లేరుతున్న భార్య నాగవ్వ చేట పక్కన పెట్టి మైకందుకుంది. "నువ్వు జర దగ్గుకో. పెండ్లయినప్పటి సంది గీ భజనతోని నా చెవులు తింటున్నవు, నాకు రాదా?" అని చరణం పూర్తిచేసింది.

ఇప్పుడు దగ్గు రాని శనివారాల్లో కూడా, మూడో చరణం దగ్గర ఇస్తారి మైకును ఆమె వైపు జరుపుతాడు.