టీచరమ్మ వైపు గోడ

కొత్త స్పాంజి వాసన తగిలితే లోకంలో అందరికీ సోఫా గుర్తొస్తుంది, నాకు సువార్తమ్మ టీచర్ గుర్తొస్తుంది. మొన్న నిజాంపేటలో పరుపుల కొట్టు ముందు ఆ వాసనకు ఆగిపోయి నాలో నేనే నవ్వుకుంటుంటే, కొట్టువాడు బేరం తగిలిందనుకుని కుర్చీ కూడా వేశాడు.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజుల్లో నేను చందానగర్‌లో కుక్కల వసతిగృహం నడిపేవాణ్ణి. హైటెక్ సిటీ ఇంజనీర్లు ఊళ్లకు వెళ్తూ వాళ్ల కుక్కల్ని నా దగ్గర వదిలేవారు. తిరిగొచ్చే రోజున బంద్ పడిందా, వాళ్లు రాలేరు. కుక్కలు ఎదురుచూసి ఎదురుచూసి అరుపులు మొదలుపెట్టేవి. నిమ్మకాయంత పొమరేనియన్ ఒకటి ఉండేది. అది గొంతెత్తితే లింగంపల్లిలో కదలబోయే రైలు ఆగి, ఇంకో ఇంజను వచ్చిందేమోనని వెనక్కి చూసేది. దాని వెనక మిగతావన్నీ వంత పాడేవి. కుక్కల గదికీ పక్క వాటాకీ మధ్య ఒకే గోడ. అవతల సువార్తమ్మ గారు. రిటైరైన లెక్కల టీచరు, మెదక్ వైపు మనిషి. పొద్దున ప్రార్థన, సాయంత్రం ట్యూషన్లు, బంద్ ఉంటే జెండా పట్టుకుని రోడ్డు మీద. నేనేమో భీమవరం వాణ్ణి. కుక్కలు అరవగానే అవతల నుంచి చెక్క డస్టరుతో గోడ మీద దబదబ బాదుడు, ఆపైన "ఊకో!" అని ఒక కేక. ముందు గదిలో బల్ల దగ్గర కూర్చున్న నాకు ఆ కేక వరకే వినిపించేది. అది గోడ దాటి, నన్ను దాటి, ఉభయ గోదావరి జిల్లాల మీదుగా సముద్రంలో పడేదని నా నమ్మకం. పొమ్మనలేక పొగబెట్టడం విన్నాను గానీ, పొమ్మనలేక గోడ బాదడం అదే వినడం.

ఒకరోజు మెయిన్ రోడ్డు మీద వంటావార్పు చేసి, ఆవిడే డబ్బా పట్టుకుని వచ్చింది.

"ఏంది శ్రీనూ, తిన్నవా? రోడ్డు మీద వండినం, పట్టు."

"మీ ఉద్యమం అన్నం నేను తినొచ్చాండీ, టీచరమ్మా?"

"అన్నానికేమెరుక నీ ఊరేదో? తిను."

గోడ సంగతి అడుగుదామని నోరు తెరిచాను. నోట్లో ముద్ద ఉంది. ముద్ద దిగేసరికి ఆవిడ వెళ్లిపోయింది, అనుమానం ఉండిపోయింది.

మర్నాడే వడ్రంగిని పిలిచాను. గోడ నిండా స్పాంజి షీట్లు, సందుల్లో కోడిగుడ్ల అట్టలు, పైన ప్లైవుడ్. ఆ వారం చందానగర్ జనం గుడ్లు జేబుల్లో వేసుకుని ఇళ్లకు వెళ్లారంటే కారణం నేనే. డస్టరు చప్పుడు పోయింది. కానీ అరుపులు మొదలైతే, ఇదివరకులా కాసేపటికి ఆగడం కూడా పోయింది. పక్కకు దారిలేని ఆ మోత పైకెక్కింది. పై అంతస్తులో ఉండే ఓనరు యాదగిరి లుంగీతోనే దిగాడు.

"ఏంది శ్రీనన్నా, కుక్కల్ని సాకుతున్నవా, సంపుతున్నవా? మునుపు గిట్ల లేకుండె. నెలాఖరుకు ఊకుంటే సరే, లేకుంటే ఇల్లు ఖాళీ చెయ్."

గది నిండా కుక్కలున్నవాడికి ఇల్లు కిరాయికిచ్చే ఓనర్ని దేవుడు ఒక్కణ్ణే పుట్టించాడు. ఆయనే పొమ్మంటున్నాడు. ఇక నాకు భీమవరం బస్సే గతి అనుకుంటుండగా టీచరమ్మ డస్టరుతో సహా తలుపు తోసుకుని వచ్చింది.

"పిల్లలకు పానం బాగలేదా శ్రీనూ? నా మాట ఇంటనే లేవు." కుక్కల గదిలోకి నడిచి, గోడ చూసి ఆగింది. "గిదేంది?"

"మీకు ఇబ్బంది కాకూడదనండీ..."

"నాకేం ఇబ్బంది? నీకు జెప్పిన్నా?"

జవాబుకు ఆగకుండా పొమరేనియన్ పక్కన బాసింపట్టు వేసుకుని, డస్టరుతో నేల తట్టింది. "ఊకో!" ఆ తర్వాత, ఇన్నాళ్లూ నా బల్ల దాకా రాని మిగతా మాటలు: "ఊకో బిడ్డా. మీ అమ్మొస్తది. తొవ్వ బంద్ ఉన్నది, గంతే. ఫికర్ చెయ్యకు." నిమ్మకాయ ముందరి కాళ్ల మీద గడ్డం ఆనించింది. మిగతావీ ఒక్కొక్కటిగా సద్దుమణిగాయి.

"ఇన్నాళ్లూ మీరు వీటితోనా మాట్లాడింది?"

"మరి నీతోననుకున్నవా?" నా చూపు స్పాంజి గోడ మీదికి పోయింది. "అనుకున్నవ్!" ఆవిడ నవ్వుకు కోడిగుడ్ల అట్టలు వణికాయి. "నిన్ను తిట్టాలంటే గోడెందుకురా? తలుపు లేదా?"

ఆ సాయంత్రమే ప్లైవుడ్ ఊడింది, స్పాంజి రాలింది. టీచరమ్మ తన కుర్చీని గోడకు మరింత దగ్గరగా జరుపుకుంది. నెలాఖరుకు ఓనరు దిగి వచ్చి, కాసేపు చెవి ఒగ్గి, వినడానికేమీ లేక టీ తాగి వెళ్లాడు.

రాష్ట్రం వచ్చింది. కొన్నాళ్లకు టీచరమ్మ చెల్లెలి దగ్గరుంటానని మెదక్ వెళ్లిపోయింది. వెళ్తూ కుక్కలన్నిటికీ విడివిడిగా చెప్పింది, నాకు చివర్న చెప్పింది. ఆవిడ శిష్యుల్లో కుక్కలు త్వరగా పాసయ్యాయి. నా చదువు ఇంకా సాగుతోంది. ఎవరి మీద అనుమానం వచ్చినా, అది ముదరకముందే వెళ్లి తలుపు కొడుతుంటాను. ఈ మధ్య పక్కింటాయన తలుపూ కొట్టాను. "రెండ్రోజులుగా నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నారు, ఏమైనా తప్పు చేశానాండీ?" అన్నాను. ఆయన మొహం తిప్పకుండా, ఒళ్లంతా నా వైపు తిప్పి, "మెడ పట్టేసిందండీ" అన్నాడు. ఇంట్లోంచి నొప్పుల మందు తెచ్చి, నేనే రాసి వచ్చాను.