ఖాదర్ సాబ్ మీద నా అనుమానం

శాలిబండలో ఇస్త్రీ బండి దగ్గర, గంజి పెట్టిన ఖాకీ మీద వేడి పెట్టె రుద్దుతున్న వాసన వస్తే ఇప్పటికీ నా కాళ్లు ఆగిపోతాయి. ఖాదర్ సాబ్ పక్కన నిలబడితే వచ్చే వాసన అది. నేను హోంగార్డుగా చేరినప్పుడు మేం కాపలా కాసే పాయింటుకు ఆయనే పెద్ద. యుద్ధకాలంలో వీధి దీపాలు ఆర్పించడానికి, పుకార్లు ఆపడానికి మామూలు జనంలోంచి పుట్టిన దళం మనదని, మనం నౌకర్లం కాదు స్వచ్ఛంద సేవకులమని గర్వంగా చెప్పేవారు. నాకు అందులో ఒక్కటే అర్థమైంది: స్వచ్ఛందం కనుక ఎవరినైనా ఒక్క మాటతో తీసేయొచ్చు. పాలవ్యాపారం చేసే ఇంట్లో పుట్టినదాన్ని, ఎవరి చెంబు పాలలో ఎన్ని నీళ్లున్నాయో అనుమానంగా చూడటం నాకు అలవాటు.

ఒక ఊరేగింపు రోజు వెనక గల్లీలో రాళ్లు పడ్డాయని ఒక ఆటోవాలా చెప్పాడు. జనం కదిలారు. ఖాదర్ సాబ్ మాత్రం, "నీ కండ్లతోని చూసినవా, భాయ్?" అని అడిగారు. పూలమ్మే ఆమె చెప్పిందన్నాడు. ఆమె దర్జీ పేరు చెప్పింది. దర్జీ విన్నది చప్పుడు మాత్రమే. వెళ్లి చూస్తే ఒక పాత పిట్టగోడ కూలింది.

ఇంత చూసి కూడా నేను ఆయన్ని నమ్మలేదు. ప్రతి ఊరేగింపుకు ముందు మా పాయింటు పక్క హోటల్లో ఒక మూల కూర్చుని నలుగురితో గుసగుసలాడేవారు. నేను వెళితే మాట ఆపేవారు. మనం ఎక్కడెక్కడ కాపలా ఉంటామో గొడవలు చేసేవాళ్లకు చెప్పేస్తున్నాడని తోటి హోంగార్డు ఒకడు అన్నాడు. నేను ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లి, ఆ మాటలు నా చెవులతో విన్నానని చెప్పాను. ఆయన తల ఎత్తకుండానే రాసుకున్నారు. వారం తిరక్కుండానే డ్యూటీ పట్టీలో ఖాదర్ సాబ్ పేరు లేదు.

తర్వాతి ఊరేగింపులో మళ్లీ ఏదో పుకారు లేచింది. హోటల్ యజమాని ఆయాసపడుతూ నా దగ్గరికి వచ్చాడు.

"ఖాదర్ సాబ్ ఏడమ్మా? గిట్ల లొల్లి లేస్తే ఏ గల్లీకి ఎవరు పోయి చూడాల్నో మాకు ముందే చెప్పి పెట్టేటోడు. మసీదు దిక్కు, మందిరం దిక్కు పెద్దలు నిలబడి ఉన్నరు. ఎవరిని పంపాలె?"

ఆ మూలలో ఆయనతో గుసగుసలాడిన నలుగురు వీళ్లే. వాళ్లను గల్లీల్లోకి చూసి రమ్మని పంపించాను, పుకారు చల్లారింది. మర్నాడు ఇన్‌స్పెక్టర్‌కు నా అబద్ధం ఒప్పుకున్నాను. ఆయన పేరు తీసేసిన కాగితం పైకి వెళ్లిపోయింది, ఇక మార్చలేమన్నారు. దబీర్‌పురాలో ఖాదర్ సాబ్ ఇంటికి వెళ్లి, చెప్పింది నేనేనని ఏడ్చాను.

"నాకు ఎర్కే, బేటీ," అన్నారు. "ఆ హోటల్ మూలల నిన్ను పిలిచి కూసోబెట్టుకోలె. అది నా తప్పు."

ఆ ఖాకీ ఆయన మళ్లీ వేసుకోలేదు. ఇప్పుడు ఆ హోటల్ మూలలో ఆ పెద్దలతో నేను కూర్చుంటాను. కొత్తగా చేరిన అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి నన్ను ఓరగా చూస్తుంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. పక్కకు జరిగి ఆమెకు చోటిస్తాను.