కొసరుగా ఎక్కిన గుర్రం

గుర్రపు స్వారీ మీద నాకు ఎన్నడూ సరదా లేదు. నలభై ఆరో ఏట ఒంటికాలి మీద నిలబడి ప్యాంటు తొడుక్కోబోయి బీరువా మీద పడ్డాక, డాక్టరు నా బ్యాలెన్సు తగ్గిందన్నాడు. జీను లేకుండా గుర్రం ఎక్కితే నడుము దానంతటదే సర్దుకుంటుందని ఆఫీసులో ఒకాయన చెప్పాడు. అలా గురుగ్రామ్ దాటాక, అరావళి గుట్టల పక్కనున్న గుర్రాలశాలకి ప్రతి ఆదివారం ఉదయం వెళ్ళడం మొదలుపెట్టాం.

"మొదలుపెట్టాం" అని ఇద్దరినీ కలిపి చెప్పడంలో నా ప్రతాపం ఉంది. మా నాన్నది తెనాలిలో కిరాణా కొట్టు. కొసరు అడగకుండా కొనడం మా ఇంట్లో బడి ఎగ్గొట్టినంత నేరం. అక్కడ నేర్పే ఉస్తాద్, తెల్ల మీసాల హర్యానా పెద్దమనిషి, గంటకి ఇంతని చెప్పగానే నేను పెదవి విరిచి, కారు వైపు రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాను.

"నలభై నిమిషాలు నాకు. మిగిలిన ఇరవై మా ఆవిడకి. రేటు మాత్రం ఒకరిదే."

"ఠీక్ హై సాబ్," అని నవ్వాడాయన.

మా ఆవిడ నర్సు. వారమంతా వార్డులో తిరిగి తిరిగి, ఆదివారం కారులో కాస్త కునుకు తీద్దామని నా వెంట వచ్చిన మనిషి. ఆవిడ స్వారీ నాకు కొసరు.

గోధుమరంగు ఆడగుర్రం. వీపు వెచ్చగా, నున్నగా ఉండేది. అది అడుగు వేసినప్పుడల్లా కింద ఎముకలు కదిలేవి. నేను మోకాళ్ళు బిగించేవాణ్ణి. బిగించినకొద్దీ తడి చేతిలో సబ్బులా పైకి జారేవాణ్ణి. మొదటిరోజే రెండుసార్లు ఇసకలో పడ్డాను. తరవాత మా ఆవిడ ఎక్కింది. బియ్యం బస్తా మీద కూర్చుని కూర తరుగుతున్నంత తీరిగ్గా కూర్చుంది.

"ఎలా కూర్చున్నావ్?"

"ఏముందండీ? అది నడిచింది, నేను కూర్చున్నాను."

ఆ జవాబుకి వారం రోజులు మండాను. పైగా ఉస్తాద్ నేను జారినప్పుడల్లా "సాబ్, దీదీని చూసి నేర్చుకోండి" అనేవాడు. క్యారెట్లు కొని తెచ్చేది నేను. ఆ గుర్రం నా చేతిలోవి నమిలి, ఆవిడ భుజం మీద తల ఆనించేది.

నేను ఊరుకునే రకం కాదు. నా నలభై నిమిషాలు నలభై ఐదయ్యాయి, తరవాత యాభై. "ఇంకొక్క రౌండు" అంటూ ఆవిడ వాటాలోకి జరిగేవాణ్ణి. ఆవిడ గడియారం చూసేది. మిగిలిన పది నిమిషాల్లోనే ఎక్కి, గుర్రాన్ని పరుగులాంటి నడకలోకి దింపి, జూలు పట్టుకోకుండా మైదానం చుట్టి వచ్చేది.

నాలుగో వారం ఉస్తాద్ ఒక మాట చెప్పాడు. వచ్చే ఆదివారం ఆయన తన గుర్రం మీద కంచె దాటి గుట్టల దారిలో వెళ్తాడట. వెంట ఒక్కరినే తీసుకెళ్ళగలడు, నెమ్మదైన గుర్రం ఇదొక్కటే కాబట్టి.

"సాబ్, వస్తారా?"

ఎగిరి గంతేయాలనిపించింది. నెల రోజులుగా ఆ కంచె లోపలే గిరగిరా తిరుగుతూ, గేటు అవతలి ఆ సన్నటి దారినే చూస్తున్నాను. కానీ నచ్చిన సరుకు మీద చూపు నిలిపితే ధర పెరుగుతుందని నాన్న నేర్పిన చదువు. మొహం చిట్లించి, "ఆ గుట్టల్లో ఏముంది, ముళ్ళకంపలేగా! చూద్దాంలే," అన్నాను. ఆయన బతిమాలతాడని నా లెక్క.

"అచ్ఛా," అని ఆయన పక్కకి తిరిగాడు. "దీదీ, మీరు?"

"వస్తాను భయ్యా," అంది మా ఆవిడ.

అంతే. బేరం అయిపోయింది.

ఆ వారం ఇంట్లో నా తిప్పలు చెప్పతరం కాదు. "ఎండ ఎక్కువేమో." "పొద్దున్నే వెళ్తాం కదండీ." "నీకు మోకాళ్ళ నొప్పి కదా." "మోకాళ్ళ నొప్పి మీకండీ." చివరికి ఆదివారం, ఆవిడ గుర్రం ఎక్కబోతుంటే దగ్గరికెళ్ళి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అసలు ధర చెప్పేశాను.

"నాకు వెళ్ళాలని ఉంది."

ఆవిడ నా వైపు చూసింది. "తెలుసండీ. వారం నుంచీ ఆ ముక్క ఎప్పుడంటారా అనే చూస్తున్నాను."

"మరి?"

"మరేం లేదు. నాకూ వెళ్ళాలని ఉంది."

ఎక్కింది. గేటు తెరుచుకుంది. రెండు గుర్రాలూ ముళ్ళకంపల మధ్య చిన్నవైపోయి, మలుపు దగ్గర కనపడకుండా పోయాయి. నేను క్యారెట్ల సంచీ పట్టుకుని నిలబడ్డాను. ఒకటి నేనే తిన్నాను.

గంటకి తిరిగొచ్చింది. దుపట్టా చిరిగింది, మొహం వెలిగిపోతోంది.

"చెప్పమంటారా?"

"వద్దు."

టోల్ గేటు దగ్గర కారు ఆగినప్పుడు, "సరే, చెప్పు," అన్నాను.

దిగుడు దారిలో గుర్రం ఆగిపోయిందట. ఎదురుగా ఒక నీల్‌గాయ్, అదే మన మనుబోతు జింక, దారికి అడ్డంగా. జూలు పట్టుకుందామనుకునేలోపే ఆ జంతువు పొదల్లోకి దూకిందట, గుర్రం నడక సాగించిందట.

"నన్ను పంపాల్సింది అని ఒక్కసారైనా అనిపించలేదా?"

"అనిపించిందండీ, గేటు దాటగానే. పాపం అనుకున్నాను. ఇంతలో నీల్‌గాయ్ వచ్చింది, మర్చిపోయాను."

ముందు కారు కదిలింది. నేను కదల్లేదు. వెనకవాళ్ళు హారన్లు మొదలుపెట్టారు.

"ఎంతుంది ఆ నీల్‌గాయ్?" అన్నాను.

"చా...లా పెద్దదండీ," అంది.