బావకి చేరని మాస్కులు

చెప్పేస్తున్నాను. ఏళ్ళ తరబడి మోసిన బరువిది. ఇంక ఒక్క పూట కూడా నావల్ల కాదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు, ఈ మాట పేరు పెట్టకుండా రాసి పంపడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. పొద్దున్నుంచీ ఒకటే ఆత్రంగా ఉంది. పొయ్యి మీద అన్నం పెట్టి మర్చిపోయాను, మాడింది. పెళ్ళిచూపుల్లో కూర్చున్న రోజు కూడా నాకింత గుండెదడ లేదు. తప్పు ఒప్పుకోబోతూ ఈ హుషారేమిటే అని నన్ను నేనే అడిగాను. అడిగినా హుషారు తగ్గలేదు.

వినడానికి చిన్న విషయమే. మాస్కులు. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉన్నవాళ్ళు రాత్రిళ్ళు గాలి మెషీను పెట్టుకుంటారు కదా, దాని గొట్టానికి తగిలించే రబ్బరు మాస్కులు. అవి మా బావకి రావలసినవి. నేను కాజేశాను.

బావ అంటే మా అప్ప మొగుడు; అక్కని అప్ప అంటాం. తాతల నాటి నుంచీ బర్మాలోనే ఉన్న తెలుగువాళ్ళం మేం. వాళ్ళు ఇదే ఊళ్ళో పజుండౌంగ్‌లో ఉంటారు. రేవులో ఒక విదేశీ ఓడల కంపెనీ ఆఫీసులో ఉద్యోగం చేసేవాడు. మా తాతలు మూటలు మోసిన రేవులో అల్లుడు కుర్చీలో కూర్చున్నాడని మా అమ్మ బతికున్నన్నాళ్ళూ చెప్పుకుని మురిసిపోయింది. కంపెనీ తన మనుషులకి ఆరోగ్య బీమా కట్టేది. బావకి ఆ జబ్బుందని డాక్టరు తేల్చినప్పుడు మెషీను బీమావాళ్ళే ఇచ్చారు.

నేను పని చేసేది అలాంటి మెషీన్లు అమ్మే దుకాణంలో. రోగుల తరఫున బీమావాళ్ళని అడగడం, వచ్చిన సామాను ఎవరిది వాళ్ళకి చేర్చడం నా పని. బావ బీమా పద్ధతి ఇదీ: మాస్కు మూడు నెలలకోసారి, గొట్టమూ తలపట్టీ ఆరు నెలలకోసారి, ఫిల్టర్లు నెలనెలా. కాకపోతే వాటంతటవి రావు. పాతది పాడైంది, కొత్తది కావాలని ఎవరో ఒకరు అడగాలి. అడగందే అమ్మయినా పెట్టదు, ఇంక బీమావాళ్ళేం పెడతారు? మా రెండిళ్ళలో ఆ బీమా కాగితాల ఇంగ్లీషు అర్థమయ్యేదాన్ని నేనొక్కదాన్నే. అందుకని బావ తరఫున అడిగే పని కూడా నాకే అప్పజెప్పారు. నాకెంత గర్వమో అప్పట్లో.

ఇక మా ఆయన సంగతి. ఆయనకీ అదే జబ్బు. ఉద్యోగం ఇన్సేన్ రైలు వర్క్‌షాపులో, బీమా గీమా ఏమీ లేదు. రింగు రైలెక్కితే చాలు, కునుకు పట్టేది. దిగాల్సిన స్టేషను దాటిపోయి, ఊరంతా చుట్టి, మళ్ళీ ఎక్కినచోటికే వచ్చేవాడు. అందరం నవ్వుకునేవాళ్ళం, నేనూ నవ్వేదాన్ని. కానీ పక్కన పడుకునేది నేను కదా. ఆ మనిషి ఊపిరి ఆగడం, నేను భుజం పట్టి కుదపడం, ఆయన గట్టిగా గాలి పీల్చడం, ఇదే నా కాపురం. ఏదో ఒక రోజు కుదిపినా లేవడేమోనని వణికిపోయేదాన్ని.

మెషీను ఎవరో వాడినది దొరికింది. దసరాకి దానికి పసుపూ కుంకుమా కూడా పెట్టాను. మాస్కు లేదు. మా దుకాణం యజమానురాలు, డౌ సాన్ అని గౌరవంగా పిలుస్తాం, ఒక రోగి తిరిగిచ్చిన మాస్కుని మందునీళ్ళలో శుభ్రం చేయించి, ఊరికే పట్టుకెళ్ళమంది. చిన్న చిరుగు కూడా లేదు దానికి. నేను తీసుకోలేదు. ఎందుకో ఆ బర్మా ఆవిడకి ఎలా చెప్పను? ఎవరో ముక్కూ నోరూ ఆనించినది, ఎంగిలి. మా ఇళ్ళలో ఒకరు నోరు పెట్టిన గ్లాసు ఇంకొకరు ముట్టరు, నీళ్ళు ఎత్తి పోసుకుని తాగుతాం. అలాంటిది మొగుడి మొహానికి ఊళ్ళోవాళ్ళ ఎంగిలి తగిలిస్తానా? ఎంగిలి మాస్కు వద్దన్న ఈ మడి మనిషి దొంగ మాస్కుకి మాత్రం చెయ్యి చాచింది. అంత శుచి నాది.

ఆ వారమే బావ పేరున కొత్త మాస్కు వచ్చింది. కవరు కూడా విప్పలేదు, ముట్టుకుంటే మెత్తగా ఉంది. బావ పాత మాస్కు ఇంకా బాగానే ఉందిగా అనుకున్నాను. ఈ ఒక్కసారికే అనుకున్నాను. ఒక్కసారికే అని నేను నచ్చజెప్పింది ఎవరికి? అడిగేవాళ్ళెవరూ లేని గదిలో ఆ సంజాయిషీ దేనికి? సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాను. మా ఆయనకి, దుకాణంలో పనివాళ్ళకి ఇస్తారని చెప్పాను.

మర్నాటి పొద్దు గురించి చెప్పి తీరాలి. చెప్పకపోతే నా తప్పు మీకు సగమే తెలుస్తుంది. నేను లేచేసరికి పక్కన మనిషి లేడు. చెప్పులైనా వేసుకోకుండా బయటికి పరిగెత్తాను. చూస్తే వీధి చివర కొట్టు నుంచి మొహింగా, అదే చేపల పులుసు పోసిన సేమ్యా, టీ పట్టుకుని, రాగం తప్పి ఏదో పాడుకుంటూ వస్తున్నాడు. కళ్ళ కింద నలుపు పోలేదు గానీ కళ్ళు మాత్రం పెళ్ళినాటివి. నిద్రంటే ఇదని ఇన్నాళ్ళూ తెలీదే అన్నాడు. ఆ సంతోషం నాకు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. నవ్వాను, ఏడ్చాను, మొహింగాలో నిమ్మకాయ పిండబోయి టీలో పిండాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తోంది. నిజంగా పశ్చాత్తాపపడే మనిషికి ఇలా పులకరిస్తుందా? నాకు తెలీదు. దాచకుండా చెబుతానన్నాను కాబట్టి ఇది కూడా చెబుతున్నాను.

తర్వాత బావ అడిగాడు, మాస్కు అంచుల్లోంచి గాలి పోతోంది, కొత్తది ఎప్పుడెప్పుడు ఇస్తారు అని. ఏడాదికొక్కసారే బావా అన్నాను. తడుముకోలేదు కూడా. ఆయన తలూపి, పోనీలే, ఇచ్చినంత వరకూ నయమేగా అన్నాడు.

ఆ ఒక్క మాటతో నేనే ఇరుక్కుపోయాను. మూడు నెలలకోసారి బావ పేరున అడుగుతూనే ఉన్నాను, మాస్కయినా తలపట్టీ అయినా బావ చేతికి ఇచ్చింది మాత్రం ఏడాదికొక్కటే. పాతది పాడైపోయిందండీ అని చెప్పేదాన్ని, అదొక్కటీ నిజమే. మా ఆయనకి అన్ని అక్కర్లేదు. మిగిలినవి బీరువాలో పట్టుచీరల అడుగున దాచాను. కవర్లు విప్పని మాస్కులు అక్కడ పడి ఉంటే, పజుండౌంగ్‌లో బావ ప్లాస్టరు ముక్కలు అతికించుకుని పడుకునేవాడు. మధ్యలో ఇంకొకటి తీసుకెళ్ళి ఇస్తే ఏం పోయేది? ఇస్తే ఏడాదికొక్కటన్న నా మాట అబద్ధమని తేలిపోతుంది. అందుకే ఇవ్వలేదు. మొదట మొగుడి ప్రాణం కోసం చేశాననుకున్నాను. ఆ చీరల అడుగున ఉన్నవి ఎవరి ప్రాణం కోసం? తలపట్టీ సాగిపోతే అప్ప లంగా నాడా కుట్టి సరిచేసింది. ఎంత బాగా కుట్టావే అప్పా అని మెచ్చుకున్నాను కూడా. నా నోట్లో ఏ పురుగూ పడలేదు.

గాలి కళ్ళలోకి కొడుతుంటే ఎవరు మాత్రం ఎన్నాళ్ళు భరిస్తారు? బావ మెషీను పెట్టుకోవడం తగ్గించేశాడు. ఆ మెషీను తనని ఎంతసేపు వాడుతున్నారో గుర్తుపెట్టుకుంటుందని, బీమావాళ్ళు అది చూస్తారని నాకు తెలుసు. వాళ్ళ ఆఫీసు నుంచి ఒకావిడ నాకే ఫోను చేసింది. మీ రోగి మెషీను వాడటం లేదు, కరెంటు ఇబ్బందా, మాస్కు సరిపడలేదా, కారణం చెబితే కొనసాగిస్తాం, కావాలంటే మనిషిని పంపి చూపిస్తాం అంది. ఎంత మర్యాదగా అడిగిందో. కరెంటు ఉండటం లేదండీ అంటే సరిపోయేది. ఈ ఊళ్ళో ఆ మాట కాదనేవాడెవడు? కానీ మనిషిని పంపితే? ఇన్ని కొత్త మాస్కులు తీసుకున్న ఇంట్లో ప్లాస్టరు వేసిన మాస్కు ఎందుకుందని అడిగితే?

ఆయనకి ఇష్టం లేదండీ, ఎంత చెప్పినా పెట్టుకోరు అన్నాను.

మాస్కులు తీసుకోవడం కంటే ఇదే పెద్దది. మాస్కులు కాజేసినప్పుడు మా ఆయన మీద ప్రేమ అనైనా చెప్పుకోవచ్చు. ఈ మాట అన్నది నా పరువు కోసం. ఆ నెలతో బావకి ఇచ్చేవన్నీ ఆపేశారు.

శనివారం చెప్పడానికి వెళ్ళాను. బావ భజనకి వెళ్ళబోతూ తాళాలు తుడుచుకుంటున్నాడు.

"బావా, ఇంక ఆళ్ళు ఇయ్యరట. మెషీను వాడతం లేదని ఆపీసినారు."

"నిజఁవే కదా పాప. నానే సరిగ్గా ఎట్టుకోలేదు. ఇసుగొచ్చి తీసి పారీసినాను."

తుడిచిన తాళాలు సంచిలో పెట్టాడు.

"నా కోసఁవు నువ్వెంత తిరిగినావు. ఆళ్ళ కాడ నీ మాట పోగొట్టీసినాను. ఏటనుకోకు పాప."

"పరవాలేదులే బావా."

చూశారా? ఆయన నన్ను క్షమించమని అడిగాడు. నేను క్షమించాను. నేను, ఆయన్ని! ఆ "పరవాలేదులే" ఎంత పెద్దరికంగా అన్నానో గుర్తొస్తే నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెబుతాను, ఎక్కువ చెబితే జాలి కోసం చెప్పినట్టుంటుంది. శనివారం భజనలో ముందు కూర్చుని పాట ఎత్తుకునేది బావే. కళ్ళు మూతలు పడి తాళం జారిపోతుంటే కుర్రాళ్ళు నవ్వేవారు. పెద్దలు మర్యాదగానే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చారు. బావ ఇప్పుడు వెనక వరసలో కూర్చుంటాడు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు, దాంతో బీమా పూర్తిగా పోయింది. గుండె బలహీనపడిందని డాక్టరు అంటున్నాడట. అన్నేళ్ళు నిద్రలో ఊపిరి సరిగ్గా అందకపోవడం వల్లేనా? వేరే కారణం కూడా ఉండి ఉండొచ్చని ఒక్కోసారి నన్ను నేను ఊరడించుకుంటాను. మరుక్షణమే, దుకాణంలో పని చేసేదానివి, ఎవరికి చెబుతావే ఈ కథలు అనుకుంటాను.

ఆ బీరువాలోవి ఏళ్ళకి రబ్బరు పాడై జిగురుగా అయిపోయాయి, పారేశాను. ఈమధ్య సొంతంగా కొన్న మాస్కొకటి బావకి తీసుకెళ్ళాను. దుకాణంలో ఊరికే ఇచ్చారని చెప్పాను, చూడండి, అప్పుడు కూడా అబద్ధమే. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి సంబరపడ్డాడు. మీ ఆయనకి కొత్తది ఉందా అని అడిగాడు. నేను తేరుకునే లోపే మళ్ళీ నా సంచిలో పెట్టేశాడు. ముందు ఆడికియ్యి, ఆడు డూటీకి ఎల్లేవోడు, నాకేటి, ఇంట్లో కూకునేవోణ్ణి అన్నాడు. ఎంత చెప్పినా తీసుకోలేదు. నేను మొదటే అడిగి ఉంటే ఈ మనిషి తన మొహం మీది మాస్కు తీసి ఇచ్చేవాడు.

ఆయనకి ఎందుకు చెప్పవు అంటారు. చెబితే బావ అక్కడికక్కడే క్షమించేస్తాడు. అప్ప ఎప్పటికీ క్షమించదు. ఈ రెంటిలో ఏది తట్టుకోలేనో నాకే తెలీదు. అందుకని మీకు చెప్పాను. ఇది ధైర్యం కాదు, తెలుసు.

కానీ చెప్పాను కదా! ఆయనకి ఇష్టం లేక కాదు, మాస్కు లేక. లేకుండా చేసింది నేను. ఈ మాట ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి నాలోంచి బయటికి రావడం. ఒళ్ళు దూదిలా తేలిగ్గా ఉంది, సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు చాలా హాయిగా ఉంది. ఈ రాత్రి కంటి నిండా నిద్రపోతాను. బావ నిద్రపోలేడు.