దస్తీ ఏసిన సెషన్లు

ఇయ్యాల పొద్దుగాల మంథని వడ్లు కొనే సెంటర్‌ల కంప్యూటర్ ఎంట్రీలు ఎక్కుతలేవని ఒకటే ఫోన్లు. రైతులు ఎండల నిలవడ్డరు. కరీంనగర్ ఆఫీసుల నేను క్లౌడ్ డేటాబేస్ తెరిచి చూస్తే, ఒక్కపారి ఇంతమందికే అని ఉండే జాగంతా, లాగినై ఉత్తగ ఇడిసిపెట్టిన సెషన్లే. ఎక్కువ మా మేనేజర్ సార్‌వే! బస్సు సీటుకు దస్తీ ఏసినట్టు తెరిచిపెట్టి చాయ్‌కి పోయిండు. పని లేని సెషన్ కొద్దిసేపటికి దానంతటదే బందయ్యేటట్టు పెట్టిన. మంథని ఎంట్రీలు ఎక్కినయ్.

సార్ వచ్చి గరమైండు. "నాది ఎందుకు తీసినవమ్మా?"

"మీరు పని చేస్తలేరు గద సార్."

"మల్లొస్తే జాగ దొరకదని తెరిచిపెట్టిన. అందరిది తియ్యి, నాది ఉంచు."

దస్తీ ఏసినోడన్నా ఆఖరికి బస్సెక్కుతడు. ఈయన ఎక్కడు, ఎక్కేటోళ్లను ఎక్కనియ్యడు. మీ ఆఫీసుల గిసొంటి దస్తీ ఎవలదో జర చెప్పుండ్రి.